సావధాన్ అంటే ఉరకమని

కాలేజీ నోటీసు బోర్డు మీద నన్ను అడాణీ అని రాసి పెట్టారు. పేరు రాయలేదు. "మైకువాలా అడాణీ మనిషి కావడం వల్ల సూచన తప్పుగా ఇచ్చాడు, విద్యార్థులు దీన్ని మనసులో పెట్టుకోవద్దు" అని మరాఠీలో టైపు కొట్టించి, కింద ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర వేసి, అద్దం తలుపు వెనక అంటించి తాళం వేశారు. అప్పటికి నా కూతురు ఆ కాలేజీలోనే చదువుతోంది. రోజూ ఆ బోర్డు ముందు నుంచే తరగతికి పోవాలి.

అడాణీ అంటే చదువు రానివాడు. అంతవరకే అయితే ఊరుకుందును. ఆ మాటలో మొద్దు, మోటు, మనిషి లెక్కలోకి రానివాడు అని కూడా ఉంది. సంతలో ఎద్దు మాట వినకపోతే రైతు అనే మాట అది. నేను భోకర్‌లో నిజాం కాలపు ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాను. ఐదో తరగతికి మా బాపు నన్ను దుకాణంలో కూర్చోబెట్టాడు. మరాఠీని బెల్లం పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను. తెలుగు చదవడం, రైల్వే క్వార్టర్ల వాళ్లు చదివి పారేసిన వారపత్రికల్లో నేర్చుకున్నాను. రేడియో విప్పి బిగించడం ఒక హిందీ పుస్తకం ముందు పెట్టుకుని, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నాను. నాకు ఏ గురువూ లేడు, ఏ సర్టిఫికెట్టూ లేదు. కానీ చదువంటే నాకున్న భయభక్తులు ఆ కాలేజీలో జీతం తీసుకునేవాళ్లకు ఉండేవో లేవో నాకు అనుమానమే.

నాందేడ్‌లో నాది మైకు సెట్ల దుకాణం. పెళ్లిళ్లకు, భజనలకు, ఎన్నికలకు భోంగాలు అద్దెకిచ్చేవాణ్ని. మా ఊళ్లో మిల్లు కూతనూ భోంగా అంటారు, చెట్టుకు కట్టే ఆ తగరపు మూతినీ భోంగానే అంటారు. పెళ్లిళ్లలో ముహూర్తం వేళకు మైకు పంతులు నోటి దగ్గర పెట్టి పట్టుకునేది నేనే. మంగళాష్టకాలు ఒక్కొక్కటి అయ్యేసరికి పంతులు "శుభ మంగళ సావధా...న్" అని గొంతు సాగదీస్తాడు. చివరి దానికి జనం అక్షింతలు విసురుతారు. కొందరు పంతుళ్లకు గొంతు లేదు. వాళ్ల తరఫున ఆ చివరి మాట నేనే అందుకునేవాణ్ని. ఏ పేటలో పెళ్లయినా నా గొంతు ఊరికి తెలుసు.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చిన సంవత్సరం అది. కిటికీలకు నల్లకాగితాలు అంటించారు, మోటారు బండ్ల దీపాలకు సగం నల్లరంగు పూశారు. విమానాలు నాందేడ్ దాకా ఎందుకొస్తాయని బజారులో నవ్వుకునేవాళ్లు కూడా సాయంత్రమైతే ఆకాశం చూసుకునేవాళ్లు. కాలేజీలకు పైనుంచి ఆర్డరు వచ్చింది: ప్రమాదం వస్తే విద్యార్థులను హెచ్చరించే ఏర్పాటు ఉండాలి, ఒకసారి కవాతులాగా చేసి చూపించాలి, కలెక్టరు ఆఫీసు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చి చూస్తాడు అని.

మైదానంలో పిల్లలే కందకాలు తవ్వారు. హెచ్చరిక ఎట్లా ఇవ్వాలన్నదే తేలలేదు. కాలేజీ గంట పొడుగ్గా కొడితే అర్థం సుట్టీ అని. ఎవరో నాయకుడు పోయాడన్నమాట, పిల్లలు ఈలలు వేసుకుంటూ ఇంటికి పోతారు. మిల్లు భోంగా షిఫ్టు షిఫ్టుకూ కూస్తూనే ఉంటుంది. అందుకని కాలేజీ కప్పు మీద నా భోంగా కట్టించి, అందులో ఒక మాట చెప్పించాలనుకున్నారు. ఆ మాట ఏదో నిర్ణయించిన రోజు నేను అక్కడే ఉన్నాను. స్టూలు మీద నిలబడి వైరు లాగుతున్నాను. ప్రిన్సిపాల్ పుణె వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. పక్కన ఎన్‌సీసీ చూసే లెక్చరర్. మీసాల మనిషి, కుర్చీలో కూడా కవాతు చేస్తున్నట్టే కూర్చునేవాడు.

"అందరికీ తెలిసిన మాట కావాలి" అన్నాడు ప్రిన్సిపాల్.

"సావధాన్" అన్నాడు లెక్చరర్. "మరాఠీ, హిందీ, తెలుగు, అన్నింట్లో ఉంది. మూడుసార్లు చెప్పాలి. వినగానే అందరూ ఉరికి కందకాల్లో పడుకోవాలి."

నాకూ మంచి మాటగానే తోచింది. ఆ సంగతి దాచను. అందరికీ తెలిసిన మాటే. మా కొంప ముంచింది కూడా అదే.

ఆ సాయంత్రం ఇంట్లో నా కూతురికి అంతా చెప్పాను. సావధాన్ అంటే ఉరకాలి, కందకంలో బోర్లా పడుకోవాలి, చెవుల్లో వేళ్లు పెట్టుకోవాలి, బాంబు పడితే నాలుక తెగకుండా పళ్ల మధ్య పెన్సిలు పెట్టుకోవాలి.

"మీ బాపు చెప్తె గని ప్లేన్లు రావేమో" అన్నది నా భార్య రొట్టె తిప్పుతూ.

"అమ్మా, నవ్వకే. నేను గట్లనే పండుకుంట సూడు" అని పిల్ల చాప మీద బోర్లా పడి చూపించింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అది. ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లలో కూడా.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. మైకులో చెప్పాల్సింది లెక్చరరే. కానీ ఆయన ఆఫీసరు పక్కన నిలబడి కందకాల లోతు వివరించే పనిలో పడ్డాడు. నా వైపు చూసి, "అరే భాయ్, నువ్వే చెప్పెయ్. నీకు గొంతుంది కదా" అన్నాడు.

ఆ క్షణం నాకు ఎంత గర్వం కలిగిందో ఇప్పుడు రాస్తుంటే ముఖం వేడెక్కుతోంది. నాలుగో తరగతి వాడి మాటకు కాలేజీ మొత్తం కదలబోతోంది. మైకును రెండుసార్లు ఊదాను. గొంతు సవరించుకున్నాను. "సావధా...న్" అన్నాను.

ఆ మాట నాకు వచ్చిన తీరు అదొక్కటే. పెళ్లి తీరు.

ఎన్‌సీసీ పిల్లలు, దాదాపు సగం మంది మగపిల్లలు వాళ్లే, ఎక్కడివాళ్లక్కడ మడమలు కలిపి, చేతులు తొడలకు ఆనించి కొయ్యల్లా నిలబడ్డారు. కవాతులో సావధాన్ అంటే కదలొద్దని కదా. వరండాలో, మెట్ల మీద, గుమ్మాల్లో నిలబడిపోయారు. వాళ్లను దాటుకుని ఎవరూ బయటికి పోలేని పరిస్థితి. రెండోసారి "సావధా...న్" అన్నాను. మేడ మీది పిల్లలు ఆ రాగం పట్టేశారు. ఒకడు నోటు పుస్తకంలో కాగితం చించి ముక్కలు చేసి కిందికి విసిరాడు. ఇంకొకడు సుద్దముక్కలు విసిరాడు. అక్షింతలు! మేడంతా చప్పట్లు. ఎవడో నోటితోనే బ్యాండు వాయించాడు. మూడోసారి కూడా అన్నాను. భోంగా కింద నిలబడ్డ ఇద్దరు మన తెలుగు పిల్లలు, ఉమ్రి వైపు వాళ్లు, వాళ్ల మాటలు నాకు వినబడ్డాయి.

"ఏందిరా, ఉరకాల్నా?"

"సావధానంగ పొమ్మంటుండు గద. తొందరేమున్నది, చాయ్ తాగి పోదం తీయ్."

తెలుగులో ఆ మాటకు అర్థం అంతే కదా. నెమ్మదిగా, నిదానంగా, తీరుబడిగా. వాడి తప్పు ఏముంది? ఆ మాట వింటే ఉరకాలని పిల్లలకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఉరికింది ఒక్క మనిషి. అమ్మాయిల గదిలోంచి నా కూతురు ఒక్కతే, లంగా కుచ్చెళ్లు పట్టుకుని, నిలబడ్డ పిల్లల మధ్య నుంచి తోసుకుని మైదానం అడ్డంగా ఉరికింది. మంచినీళ్ల కుళాయి దగ్గర కారిన నీళ్లన్నీ మొదటి కందకంలోకి చేరి నల్లమట్టి బురదయి ఉంది. అందులో బోర్లా పడుకుంది. చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. పళ్ల మధ్య పెన్సిలు.

కాలేజీ అంతా నవ్వింది. ఆఫీసరు కూడా జేబు రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. పిల్ల ఎంతసేపటికీ లేవదు. లెమ్మనే మాట ఏదో ఎవరూ నిర్ణయించలేదు మరి. చివరికి నేనే పోయి భుజం తట్టాను. తల తిప్పి చూసింది. ముఖమంతా నల్లమట్టి, కళ్లు తప్ప.

"అయిపోయిందా బాపూ? అందరు పండుకున్నరా?" అన్నది.

చుట్టూ చూసి తనే తెలుసుకుంది.

మర్నాడే ఆ నోటీసు వెలిసింది. మూడో రోజు నుంచి పిల్ల కాలేజీకి పోలేదు. వాళ్లమ్మ బతిమాలింది, నేను కోప్పడ్డాను. "నేను పోతె సావధాన్ అంటున్నరు. సుద్దముక్కలు ఏస్తున్నరు. బోర్డు మీద నిన్ను గట్ల రాసిండ్రు. నేను దాని ముంగటికెల్లి ఎట్ల పోవాలె?" అన్నది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

బజారులో నాకు కొత్త పేరు వచ్చింది. కూరగాయలమ్మే ఒకామె నన్ను చూడగానే పక్కవాళ్లతో, "సావధాన్ శేట్ అచ్చిండు, బుట్టలు జరుపుండ్రి, కందకంల పడ్తడు" అనేది. పెళ్లివాళ్లు భోంగా తీసుకుంటూ, "మైకు పంతులుకే ఇయ్యుండ్రి శేట్, నువ్వు మాట్లాడకు" అనేవాళ్లు. నవ్వినట్టే చేసి ఇచ్చేవాణ్ని. ఆ మాట మళ్లీ నా నోట రాలేదు. పంతులుకు గొంతు లేకపోతే పెళ్లి గొంతు లేకుండానే అయ్యేది.

నేను కాలేజీకి పోయాను. నాకు కావలసింది ఒక్కటే: ఆ మాట నిర్ణయించింది కమిటీ అని, మైకువాలా కాదని, అదే బోర్డు మీద అదే ముద్ర వేసి రాయాలి. రాస్తే పిల్ల మళ్లీ కాలేజీకి పోతుంది. ప్రిన్సిపాల్ మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"మీ పేరు రాయలేదు కదా శేట్" అన్నాడు మరాఠీలో.

"ఈ కాలేజీకి మైకువాలాలు ఎందరున్నరు సాబ్?" అన్నాను.

"వారం పోతే పిల్లలే మరిచిపోతారు. నోటీసు తీసేస్తాం."

"తీసేసుడు వేరు, తప్పని రాసుడు వేరు."

పక్కన కూర్చున్న లెక్చరర్ ఇక ఆగలేకపోయాడు. "మరి ఆఫీసరు సాబ్‌కు మేమేం చెప్పాలి? డిగ్రీలున్న వాళ్లంతా కూర్చుని తప్పు మాట ఎంచారని చెప్పాలా? మీరైతే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మీకు పోయేదేముంది?"

నాకు పోయేదేమిటో చెప్పడానికి నా దగ్గర మరాఠీ చాలలేదు. బెల్లం పొట్లాల మీద ఆ మాటలు లేవు. చాయ్ తాగకుండా లేచి వచ్చాను. వచ్చేటప్పుడు బోర్డు ముందు నిలబడి మళ్లీ చదివాను. నాకు చదవడం రాదని రాసినదాన్ని నేను తప్పులేకుండా చదవగలగడం చూసి, కారిడార్‌లో ఎవరూ లేకపోయినా సిగ్గేసింది.

పిల్ల ఆ ఏడు పరీక్ష రాయలేదు. తర్వాత ఇంట్లోనే చదువుకుని బయటి విద్యార్థిగా పరీక్షలు కట్టి గట్టెక్కింది, టీచరు శిక్షణ కూడా అయింది. ఉమ్రిలో ప్రైమరీ బడిలో ఉద్యోగం వచ్చింది. రైలెక్కి పోయి రైలెక్కి వచ్చేది. ఇక కాలేజీతో ఆమెకు పనిలేదు. నాకే ఉంది. ప్రిన్సిపాల్ మారినప్పుడల్లా కొత్త అర్జీ రాసుకుని పోయేవాణ్ని. ఒకాయన పాత ఫైలు దొరకలేదన్నాడు. ఒకాయన చిరునవ్వుతో నా మరాఠీ చాలా బాగుందన్నాడు. మెచ్చుకున్నాడో గిచ్చాడో నాకిప్పటికీ తెలియదు. చివరికి ఆ మీసాల లెక్చరరే ప్రిన్సిపాల్ అయ్యాడు. నా అర్జీ చేతిలోకి తీసుకుని, "ఇంకా అదేనా శేట్?" అన్నాడు.

నా భోంగా ఆ కప్పు మీదే ఉండిపోయింది. యుద్ధం అయిపోయాక వాళ్లు పంపలేదు, నేను అడగలేదు. ముందు నా మీద రాసిన మాట కిందికి దిగాలి, తర్వాతే నా భోంగా దిగుతుందని పంతం. వైరు ఎవరో కోసుకుపోయారు. తగరపు మూతిలో పావురాలు గూడు పెట్టాయి. కందకాలు చెత్తతో పూడిపోయాయి. ఆ తర్వాత ఆ కాలేజీలో హెచ్చరిక ఏర్పాటు అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. ఒకసారి నవ్వులపాలైన పనికి మళ్లీ ఎవడు చేయి పెడతాడు?

ఎనభైల్లో ఒక వానాకాలం గోదావరి పొంగింది. పైన డ్యాము గేట్లు ఎత్తారని బజారులో ఉదయమే తెలిసింది. దుకాణాల వాళ్లం సరుకు పైకెక్కించుకుంటున్నాం. కాలేజీ హాస్టలు పల్లంలో, నది వైపు ఉంది. అక్కడ పిల్లలకు ఎవరు చెప్పారు అన్న ఆలోచన మాలో ఒక్కడికీ రాలేదు. నాకూ రాలేదు. మధ్యాహ్నానికి హాస్టలు కింది గదుల్లో మోకాలి లోతు నీళ్లు. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. జ్వరంతో మంచం మీద ఉన్న ఒక పిల్లవాణ్ని స్నేహితులు మంచంతో సహా మేడ మీదికి ఎత్తారు. పెట్టెలు, పుస్తకాలు, బియ్యం మూటలు అన్నీ నానిపోయాయి.

మూడు రోజుల తర్వాత ఆ పిల్లల్లో ఒకడు, మర్ఖేల్ ఊరివాడు, తడిసిన రేడియో పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. విప్పుతూ అడిగాను: "నీళ్లు అస్తున్నయని మీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. పండుకుని సదువుకుంటున్నం. మంచం కిందికెల్లి చెప్పులు తేలుకుంట పోతున్నయ్. గవి సూసినంక లేసినం" అన్నాడు. చెప్పి నవ్వాడు. "గా కప్పు మీద భోంగా ఎందుకున్నది శేట్? పావురాలకా?"

అది నాదని నేను చెప్పలేదు. రేడియోలోంచి బురద తీస్తూ తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం అన్నం ముందు ఆ మాట కూతురికి చెప్పాను. కాలేజీ వాళ్లను బాగా తిట్టాను కూడా. ఆమె అన్నం కలుపుతూ వింటూ ఉంది.

"మా బడిల నేనేం చేస్తనో తెల్సా బాపూ?" అన్నది. "పామొచ్చినా, పక్క గడ్డివాముకు అగ్గి పట్టినా, పళ్లెం మీద గంటె తోని కొడ్త. కొట్టి, బయటికి ఉరుకుండ్రి అంట. మరాఠీల పళా పళా అంట. నెలకోసారి ఉరికిస్త. చిన్నపిల్లలు నవ్వుకుంట ఉరుకుతరు. నవ్వనీ. అందరు ఉరుకుతరు గద, ఒక్కరే ఉరికితె గద సిగ్గు."

నేను ముద్ద కలిపాను. ఆమె మళ్లీ అడిగింది.

"నువ్వు కాలేజీకి ఎన్నిసార్లు పోయినవు?"

"లెక్కలేదు."

"పోయినప్పుడల్ల నీ మీద రాసిన మాట అడిగినవు. గా భోంగాకు వైరు ఎందుకు లేదని ఒక్కసారన్న అడిగినవా?"

వాళ్లమ్మ గరిటె పట్టుకుని, "ఇగ చాలు తీయ్, అన్నం తిననియ్యి" అన్నది. నేను తిన్నాను. ఏం తిన్నానో నాకు తెలియదు. అడాణీ అన్న మాట బోర్డు మీద చదివిన నాడు పడ్డ సిగ్గుకు ఎవరినో తిట్టుకోవడానికి వీలుండేది. ఈ సిగ్గుకు ఆ వీలు కూడా లేదు.

మళ్లీ అర్జీ రాశాను. ఈసారి నా సంగతి ఒక్క అక్షరం రాయలేదు. నది మళ్లీ పొంగితే హాస్టల్ పిల్లలకు ఎవరు చెబుతారు, దేనితో చెబుతారు, ఏ మాట చెబుతారు అని అడిగాను. మాట మాత్రం ఉరకమనే చెప్పండి, ఏ పిల్లవాడికి ఏ భాష వస్తే ఆ భాషలో చెప్పండి, నెలకోసారి ఉరికించండి అని రాశాను. భోంగా అక్కడే ఉంది, కొత్త వైరు నేనే వేస్తాను, పైసా వద్దు అని కూడా రాశాను. తప్పులుంటే దిద్దమని కూతురికిచ్చాను. ఒక చోట మాత్రం దిద్దింది. "విన్నపం" అన్న మాట కొట్టేసి "ప్రశ్న" అని రాసింది.

వానాకాలం పోయింది, చలికాలం పోయింది. ఎండలు ముదిరాక కాలేజీ ముద్రతో జవాబు వచ్చింది. కింద ఆ మీసాల ప్రిన్సిపాల్ సంతకం. మరాఠీలో ఉంది. ఉమ్రి రైలు దిగి వచ్చిన నా కూతురు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, వాళ్లమ్మకు కూడా తెలియాలని తెలుగులో చదివి వినిపించింది:

"మీ అర్జీ అందినది. మునుపటి నోటీసులో మైకువాలాను గురించి వాడిన 'అడాణీ' అను పదమును ఇందుమూలముగా వెనక్కి తీసుకుంటున్నాము. భోంగా విషయము పరిశీలనలో ఉన్నది. అంతవరకు హాస్టలు విద్యార్థులందరూ సావధానంగా ఉండవలెనని సూచించడమైనది."